సెకండ్ హ్యాండ్ ఫోర్ బై ఫోర్ కొనేవాళ్ళకు: స్కానర్‌లో ‘కోడ్స్ లేవు’ అని వస్తే నమ్మేయకండి

గత నవంబర్‌లో హైదరాబాద్‌లో ఒక పాత బండ్ల డీలర్ దగ్గర పెట్రోల్ ఫోర్ బై ఫోర్ (నాలుగు చక్రాలకీ పవర్ వెళ్ళే బండి) కొన్నాను. 2021 మోడల్, టర్బో ఇంజిన్, మీటరు మీద 34 వేల కిలోమీటర్లు, ధర పదకొండున్నర లక్షలు. బండి పేరు రాయను, తప్పు బండిది కాదు కాబట్టి. డీలర్ పేరూ రాయను, వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు నడుస్తోంది.

నేనేమీ గుడ్డిగా కొనలేదు. అసలు మంట అక్కడే. బండి కంప్యూటర్‌లో నమోదైన లోపాల కోడ్స్ చదివే బ్లూటూత్ స్కానర్ జేబులో వేసుకుని వెళ్ళి, స్టీరింగ్ కింద సాకెట్‌లో గుచ్చి ఫోన్‌లో చూశాను. ‘ఫాల్ట్ కోడ్స్: 0’ అని పచ్చగా వచ్చింది. స్క్రీన్‌షాట్ తీసి మా బావమరిదికి పంపి, కడిగిన ముత్యం అని గొప్పలు కూడా పోయాను. అదే స్క్రీన్‌షాట్‌లో కింద ఇంకో లైను ఉంది. దాని సంగతి తర్వాత చెప్తాను.

మూడు వారాలు సిటీలో బాగానే నడిచింది. మధ్యలో ఒకసారి చెక్ ఇంజిన్ లైట్ వెలిగితే, బంకులో పెట్రోల్ మూత సరిగ్గా బిగించలేదేమో అనుకుని వదిలేశాను. డిసెంబర్ చివర్లో ఫ్రెండ్స్‌తో కలిసి అనంతగిరి వైపు మట్టి దారుల్లోకి వెళ్ళాం. ఎక్కుడులో ఎంత తొక్కినా బండి మూలుగుతుందే తప్ప కదలదు. రెండున్నర వేల ఆర్‌పీఎం దాటదు. అద్దం దించితే కుళ్ళిన కోడిగుడ్డు కంపు. న్యూట్రల్‌లో పెడితే కింద నుంచి రేకు డబ్బాలో గులకరాళ్ళు ఆడించినట్టు చప్పుడు. ఏమిటా అని దిగి వంగి చూద్దును కదా, టైర్ల మధ్య ఎండిపోయిన గడ్డిలోంచి సన్నగా పొగ! వెనక బండిలో వాడు "అన్నా, ముందు బండి తియ్" అని కేక పెట్టాడు. బండి ముందుకు తీసి, తెచ్చుకున్న మంచినీళ్ళ క్యాను మొత్తం గడ్డి మీద గుమ్మరించాం. సైలెన్సర్ పైపు మామూలుగానే వందల డిగ్రీల్లో కాలుతుంది, దారి మూసుకుపోతే చెప్పక్కర్లేదు. ఆ రోజు గాలి లేదు కాబట్టి సరిపోయింది.

ఇంటికి నలభై స్పీడులో వచ్చాం. మర్నాడు మా పేటలో మెకానిక్ భాయ్ దగ్గరికి తీసుకెళ్తే, ఆయన స్కానర్ జోలికే పోలేదు. పొగ పైపు మీద, కన్వర్టర్ అనే డబ్బాకి ముందుండే ఆక్సిజన్ సెన్సర్‌ని విప్పేసి, "ఒక రౌండ్ కొట్టి రండి సార్" అన్నాడు. ట్రాక్టర్ చప్పుడుతో రోడ్డంతా అదిరింది గానీ, పికప్ మాత్రం సగానికి పైగా తిరిగొచ్చేసింది. విప్పిన బొక్కలోంచి పొగ బయటికి పోతోంది కదా. "ఇంజిన్ బానే ఉంది, ఊపిరే ఆడట్లేదు. క్యాట్‌కాన్ జామ్" అన్నాడు.

క్యాట్‌కాన్ అంటే క్యాటలిటిక్ కన్వర్టర్. స్టీల్ డబ్బాలో తేనెపట్టు లాంటి సెరామిక్ దిమ్మ, దాని కన్నాల గోడలకి ప్లాటినం, పల్లాడియం, రోడియం పలచగా పూసి ఉంటాయి. ఇంజిన్ నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్, కాలని పెట్రోలు, నైట్రోజన్ ఆక్సైడ్‌లు ఆ పూతకి తగిలి చాలావరకు హాని లేని వాయువులుగా మారతాయి. ధరంతా ఆ పూతలోనే ఉంది.

లిఫ్ట్ ఎక్కించి విప్పాం. డబ్బా చుట్టూ గ్రైండర్‌తో నున్నగా చేసిన కొత్త వెల్డింగ్, దాని మీద సిల్వర్ పెయింట్. కంపెనీ పార్టుకి ఉండే నంబరు ఎక్కడా లేదు. టార్చ్ వేస్తే లోపల తేనెపట్టు ముందు భాగం ముదిరిన బెల్లం పాకంలా కరిగి గడ్డ కట్టింది. మిగతా ముక్క వదులై డబ్బాలో గిరగిరా తిరుగుతోంది. నేను విన్న గులకరాళ్ళు అవే.

సర్వీస్ సెంటర్‌లో చూపిస్తే మిగతా కథ బయటపడింది. ఈసీయూలో, అంటే ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్‌లో, ఉన్న సాఫ్ట్‌వేర్ ఫ్యాక్టరీది కాదు, రీమ్యాప్ చేసింది, అంటే బయట మార్పించింది. మూడో సిలిండర్‌లో పెట్రోలు అంటుకోవడానికి నిప్పురవ్వ పుట్టించే కాయిల్ అప్పుడప్పుడూ మిస్ అవుతోంది. నా అంచనా ఇది: పాత ఓనర్ పవర్ కోసం క్యాట్‌కాన్ లేని డౌన్‌పైప్ (టర్బో నుంచి పొగని కిందికి తెచ్చే పైపు) వేయించుకున్నాడు, అమ్మేటప్పుడు ఎవరో పేరు లేని చవక కన్వర్టర్ అతికించారు. మిస్ అయిన సిలిండర్ నుంచి పచ్చి పెట్రోలు వచ్చి దాంట్లో కాలింది. ఆ సెరామిక్ కరగాలంటే పద్నాలుగు వందల డిగ్రీల దరిదాపు వేడి కావాలి, అది కూడా వచ్చేసింది. ఇక్కడొకటి గుర్తు పెట్టుకోండి. కాయిల్ మార్చకుండా కొత్త కన్వర్టర్ వేస్తే అదీ కరుగుతుంది. పెట్రోల్‌లో పోసే క్లీనర్ సీసాలతో కరిగిపోయిన దిమ్మ బాగుపడదు, ఆ డబ్బులు దండగ.

ఇప్పుడు స్క్రీన్‌షాట్. ఆ రాత్రి నిద్ర పట్టక ఫోన్ తిరగేస్తుంటే కనపడింది. సున్నా కింద చిన్న అక్షరాల్లో, ‘కోడ్స్ చెరిపాక నడిచిన దూరం: 3 కి.మీ.’ డీలర్ షెడ్డు నుంచి మెయిన్ రోడ్డు దాకా నేను వేసిన టెస్ట్ డ్రైవ్ సరిగ్గా అంతే! అంటే నేను రావడానికి ముందే తుడిచేసి కూర్చున్నారు. దాని కిందే, క్యాటలిస్ట్ పరీక్ష, అంటే కన్వర్టర్ పనిచేస్తోందో లేదో బండి తనంతట తాను చేసుకునే పరీక్ష, ‘పూర్తి కాలేదు’ అని కూడా ఉంది. కోడ్స్ తుడిచేస్తే బండి ఆ పరీక్ష మళ్ళీ మొదటి నుంచి చేసుకోవాలి. అది పూర్తయ్యేదాకా కన్వర్టర్ చెడిపోయినా, ఆ సంగతి చెప్పే పీ 0420 కోడ్ రాదు. కాబట్టి కోడ్స్ ఎన్ని అని కాదు, చెరిపి ఎన్ని కిలోమీటర్లయింది అని చూడండి. రెండంకెలు దాటకపోతే అడ్వాన్స్ ఇవ్వకుండా లేచి వచ్చేయండి, లేదా వందా రెండొందల కిలోమీటర్లు తిరిగాక మళ్ళీ చూస్తానని చెప్పండి. తర్వాత లిఫ్ట్ ఎక్కించి వెల్డింగ్ చూడండి, డబ్బా చల్లగా ఉన్నప్పుడు పిడికిలితో తట్టి వినండి.

పొల్యూషన్ సర్టిఫికెట్ చూసి మురిసిపోకండి. నాకిచ్చింది వారం కిందటిది, అంకెలన్నీ పర్ఫెక్ట్. రోడ్డు పక్కన వ్యాను దగ్గర మళ్ళీ చేయించబోతే అతను "సర్టిఫికెట్ కావాలా సార్, టెస్ట్ కావాలా?" అని అడిగాడు. టెస్టే అన్నాను. కార్బన్ మోనాక్సైడ్ 0.3 శాతం దాటకూడదు, నాది 0.9.

డీలర్‌కి ఫోన్ చేస్తే మొదటి మాటే "మీరు కొండలెక్కించారు, నీళ్ళల్లో దింపారు, మాకేం సంబంధం సార్". ఆరు నెలల వారంటీ కార్డు వెనక చూస్తే సైలెన్సర్ సిస్టమ్ మొత్తం మినహాయింపుల్లో ఉంది. ముందే చదవాల్సింది. చదవలేదు.

మా భాయ్ ఇంకో దారి చెప్పాడు. "లోపలిది కొట్టేద్దాం సార్, నాలుగు వేలు, పికప్ అదిరిపోద్ది. పాత బండ్లకి ఇవన్నీ ఎక్కడివి?" నిజం చెప్పాలంటే ఒక పూట ఊగాను. ఈ కన్వర్టర్ మన దగ్గర కొత్తదేమీ కాదు, 1995లోనే నాలుగు మెట్రోల్లో కొత్త పెట్రోల్ కార్లకి తప్పనిసరి చేశారు. కొట్టేస్తే చెక్ ఇంజిన్ లైట్ ఆరదు, పొల్యూషన్ టెస్ట్ పాసవదు, దొరికితే మోటారు వాహనాల చట్టం 190(2) కింద పది వేల దాకా ఫైను, మూడు నెలల దాకా జైలు కూడా వేయొచ్చు. పైగా రేపు నేను ఇంకొకడికి అమ్మేటప్పుడు నేనూ ఆ డీలర్‌లా అబద్ధం ఆడాలి. కంపెనీ పార్టే వేయించాను. కాయిల్, సాఫ్ట్‌వేర్, లేబరు, జీఎస్టీ అన్నీ కలిపి లక్షకి కాస్త తక్కువ.

పాతది మాత్రం వదలకండి. నేను విప్పించిన రోజే గ్యారేజీలో కుర్రాడు ఆరు వేలిస్తానన్నాడు. లోపలున్న లోహాల కోసం తుక్కు వాళ్ళు కొంటారు. నాకైతే అది సాక్ష్యం. వెల్డింగ్ కనపడేలా ఫొటోలు తీసి, సర్వీస్ సెంటర్ వాళ్ళతో ‘ఒరిజినల్ పార్టు కాదు’ అని జాబ్ కార్డు మీద రాయించుకుని, గోనె సంచిలో కట్టి ఇంటికి తెచ్చుకున్నాను.

ముందు 1915కి, అంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి, ఫోన్ చేశాను, ఆ హెల్ప్‌లైన్ వాళ్ళకి డీలర్ జవాబివ్వలేదు. తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఆన్‌లైన్‌లో ఫిర్యాదు వేశాను. పది నుంచి ఇరవై లక్షల మధ్య కొన్న వస్తువుకి ఫీజు 400 రూపాయలు, లాయర్ లేకుండా మనమే వేసుకోవచ్చు. రెండేళ్ళ లోపు వేయాలి.

నోటీసు అందాక మొన్న డీలర్ మనిషి ఫోన్ చేశాడు. గొంతు మారిపోయింది. "అన్నా, ఎందుకు ఈ టెన్షన్లు, సగం డబ్బులిస్తాం. ఆ పాత ముక్క మాత్రం మాకు వాపస్ ఇచ్చేయండి" అన్నాడు. సంచి ఇప్పటికీ మా మెట్ల కిందే ఉంది.