12 వోల్టుల "275 నానోమీటర్ల యూవీసీ స్ట్రిప్" కొనకండి, నేను మోసపోయాను

యూవీసీ అంటే క్రిముల్ని చంపే అతినీలలోహిత కాంతి, నానోమీటర్లు (ఎన్ఎం) దాని తరంగదైర్ఘ్యం కొలత. "యూవీసీ 275 ఎన్ఎం, 12 వోల్ట్, 5 మీటర్లు, 60 సెకన్లలో 99.9 శాతం క్రిములు ఖతం" అని రాసి, ఊదారంగులో మెరిసిపోతున్న స్ట్రిప్ ఫోటో ఎక్కడైనా కనబడితే అక్కడే ఆగండి. నేను ఆగలేదు. 1,150 రూపాయలు పోయాయి, అది చిన్న సంగతే. మూడు వారాల పాటు మా వదిన పార్లర్‌లో ఒకరి తలలో పెట్టిన దువ్వెన శుభ్రమైపోయిందనుకుని ఇంకొకరి తలలో పెట్టాం. నా బాధంతా దాని గురించే.

నాది రాజమండ్రిలో ఎల్ఈడీ సైన్‌బోర్డుల షాపు. పన్నెండేళ్లుగా స్ట్రిప్పులు కోసి అతికించుకుంటూ బతుకుతున్నవాణ్ణి. నాకే ఈ టోపీ పెట్టారంటే మిగతావాళ్ల సంగతి చెప్పక్కర్లేదు. "ఏవయ్యా, కత్తెర్లూ దువ్వెనలూ పెట్టుకునే యూవీ బాక్సు ఒకటి చేసిపెట్టకూడదూ, బయట కొంటే బోలెడు చెబుతున్నారు" అంది వదిన. దానికేముంది అనుకున్నాను. 2020లో కరోనా టైములో హైదరాబాద్‌లోని డీఆర్‌డీఓ (రక్షణ పరిశోధన సంస్థ) వాళ్ల ఆర్‌సీఐ ల్యాబు ఫోన్లూ కాగితాలూ శుద్ధి చేసే యూవీ పెట్టె ఒకటి చేసింది, వస్తువుకి అన్ని వైపులా కిరణాలు పడేలా. అది మనసులో పెట్టుకుని, స్టీలు పెట్టెకి లోపల నాలుగు వైపులా ఈ స్ట్రిప్ అతికించి, టైమర్ పెట్టి ఇచ్చేశాను. ఆన్ చేస్తే లోపలంతా ఊదారంగు, చూడ్డానికి భలే ఉంది. కస్టమర్లు కూడా మెచ్చుకున్నారట.

దొంగతనం బయటపెట్టింది మా అన్నయ్య కూతురు. బీఎస్సీ మైక్రోబయాలజీ చదువుతోంది. "బాబాయ్, ఒకసారి ప్లేట్ వేసి చూద్దామా" అని కాలేజీ నుంచి క్రిముల్ని పెంచి చూసే జెల్లీ పళ్లేలు, అదే అగార్ ప్లేట్లు, రెండు తెచ్చింది. బాక్సులో పెట్టని దువ్వెన ఒకదానికి, పది నిమిషాలు పెట్టిన దువ్వెన ఇంకోదానికి తాకించింది. రెండ్రోజుల తర్వాత చూస్తే రెండు ప్లేట్లలోనూ తెల్లటి చుక్కలు పొక్కుల్లా లేచి ఉన్నాయి. ఏది ఏ ప్లేటో అడుగున పెన్నుతో రాసింది చదివితే తప్ప తెలియలేదు.

అప్పుడు స్ట్రిప్ పీకి టేబుల్ మీద పరిచాను. నాకు సిగ్గేసింది ఇక్కడే. దాని మీద ప్రతి మూడు ఎల్ఈడీలకీ ఒక కత్తెర గుర్తు ఉంది, మామూలు డెకరేషన్ స్ట్రిప్ లాగే. అంటే మూడు ఎల్ఈడీలు సీరీస్‌లో (ఒకదాని వెనక ఒకటి), ఒక రెసిస్టర్, మొత్తం 12 వోల్టులు. అసలైన యూవీసీ ఎల్ఈడీ ఒక్కోటి వెలగడానికే 5 నుంచి 7 వోల్టులు కావాలి. మూడు కలిపితే కనీసం 15. 12 వోల్టులకి అవి వెలగనే వెలగవు! మల్టీమీటర్ పెట్టి ఒక్క ఎల్ఈడీ మీద చూస్తే 3.2 వచ్చింది. అది 395 నానోమీటర్ల దగ్గరుండే ఊదా ఎల్ఈడీ, దొంగనోట్లు చూసే టార్చిలో ఉంటుందే, అదే. క్రిమి డీఎన్ఏని దెబ్బతీసే కాంతి 260, 265 చుట్టుపక్కల ఉంటుంది, 280 దాటాక ఆ పస వేగంగా పడిపోతుంది. 395తో పది నిమిషాల్లో జరిగేదేమీ లేదు.

అమ్మినవాడికి మెసేజ్ పెడితే "సార్, హై పవర్ యూవీ, పర్పుల్ కలర్ వస్తోంది కదా" అన్నాడు. నాయనా, యూవీసీ కంటికి కనబడదు, అసలైన చిప్ వెలిగితే ఉందా లేదా అన్నట్టు కొంచెం నీలంగా మినుకుమంటుంది, అంతే. గట్టిగా అడిగితే ల్యాబ్ రిపోర్ట్ అని ఒక పీడీఎఫ్ పంపాడు. అందులో వేవ్‌లెంగ్త్ 253.7 నానోమీటర్లు అని ఉంది. అది పాదరసం ట్యూబ్‌లైటు నుంచి వచ్చే కాంతి! ఎవరిదో ట్యూబ్ రిపోర్ట్ తెచ్చి తన స్ట్రిప్‌కి తగిలించాడు. ఈలోగా రిటర్న్ గడువు అయిపోయింది, ఆ తర్వాత జవాబే లేదు.

మీటర్ లేనివాళ్లు ఇంట్లోనే ఇలా చూడొచ్చు. సర్ఫుతో ఉతికిన తెల్ల బనీను ముక్క లైటు కింద పెడితే నీలంగా మెరుస్తుంది. మధ్యలో మామూలు కిటికీ అద్దం ముక్క అడ్డం పెట్టండి. మెరుపు అలాగే ఉంటే మీకు వచ్చింది ఊదా లైటే, ఎందుకంటే యూవీసీ మామూలు అద్దంలోంచి దాటదు. ఒకవేళ అది అసలుదే అయితే కళ్లకి ప్రమాదం కాబట్టి కళ్లద్దాలూ గ్లవుజులూ లేకుండా ఈ పని చేయకండి. ఇంకో చిక్కుంది: కొన్ని బోర్డుల్లో రెండు అసలు చిప్పులు పెట్టి, వెలుగుతున్నట్టు కనబడాలని పక్కన నాలుగు ఊదావి పెడతారు. అప్పుడీ పరీక్ష పనికిరాదు, ఒక్కో ఎల్ఈడీ మీద వోల్టేజ్ చూడాల్సిందే. గుండ్రటి ప్లాస్టిక్ బుడగలా ఉండే ఎల్ఈడీని యూవీసీ అని అమ్మితే పరీక్ష కూడా అక్కర్లేదు, ఆ ప్లాస్టిక్కే కిరణాల్ని మింగేస్తుంది. అసలువాటికి సెరామిక్ మీద చిప్, పైన యూవీసీని దాటనిచ్చే క్వార్ట్జ్ కిటికీ ఉంటాయి.

రెండోసారి విడిభాగాల డీలర్ దగ్గర డేటాషీట్ చూసి నాలుగు చిప్పులు తెచ్చాను. ఒక్కొక్కటే వందల్లో ఉంది, 5 మీటర్ల స్ట్రిప్ 1,150కి ఎలా వస్తుందని ముందే ఆలోచించాల్సింది. ఈసారి తప్పు నాదే. చేతులు తగలకుండా చిప్పుల ముందు అక్రిలిక్ షీట్ బిగించాను. అదీ యూవీసీని ఆపేస్తుంది. తీసేసి క్వార్ట్జ్ ప్లేటు వేశాను. స్టీలు గోడ కూడా మెరుస్తుంది గానీ యూవీసీలో మూడో వంతు కూడా వెనక్కి కొట్టదు, అందుకని లోపల పాలిష్ అల్యూమినియం రేకు. ఇక వేడి. ఈ చిప్పులకి ఇచ్చే కరెంటులో కాంతిగా మారేది కొద్ది శాతమే, మిగతాదంతా వేడి, వేడిని లాగేసే హీట్‌సింక్ లేకపోతే తొందరగా మసకబారిపోతాయి.

60 సెకన్ల కబుర్ల గురించి కూడా లెక్క చెబుతాను. నా నాలుగు చిప్పులూ ఒక్కోటి 10 మిల్లీవాట్ల కాంతి ఇస్తాయి, మొత్తం 40. పెట్టె అడుగు 20 బై 25 సెంటీమీటర్లు, అంటే 500 చదరపు సెంటీమీటర్లు. కాంతంతా అక్కడే పడిందనుకున్నా చదరపు సెంటీమీటరుకి 0.08 మిల్లీవాట్. నీళ్ల శుద్ధిలో వాడే, చదరపు సెంటీమీటరుకి 40 మిల్లీజౌళ్ల డోసు చేరాలంటే 500 సెకన్లు, ఎనిమిది నిమిషాల పైనే. అదీ ఎదురుగా ఉన్న వైపుకే. దువ్వెన పళ్ల సందుల్లో నీడ పడుతుంది, నూనె, వెంట్రుక ఉంటే దాని కింద ఏమీ జరగదు. కాబట్టి వదిన ముందు సబ్బుతో కడిగి, ఆరబెట్టి, ఆ తర్వాతే లోపల పెడుతుంది, తిప్పి ఇంకోసారి కూడా. అమ్మేవాడు "40 వాట్లు" అంటే అది కరెంటు లెక్క. కాంతి ఎన్ని మిల్లీవాట్లో అడగండి.

తలుపు తీస్తే ఆగిపోయే స్విచ్ లేకుండా మాత్రం ఎవరూ చేయకండి. వెల్డింగ్ చూసినవాళ్లకి రాత్రికి కళ్లలో ఇసుక పోసినట్టుంటుందే, ఇదీ అంతే, తగిలినప్పుడు ఏమీ తెలియదు, కొన్ని గంటలయ్యాక మొదలవుతుంది. 2022లో అమెరికా ఎఫ్‌డీఏ (అక్కడి మందులు, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ) చేత్తో తిప్పే కొన్ని యూవీ వాండ్ల మీద ఇదే విషయంలో హెచ్చరించింది. కొన్నిటి నుంచి రెండంగుళాల దూరంలో కొన్ని సెకన్లలోనే సురక్షిత పరిమితికి 3,000 రెట్ల దాకా వచ్చిందట. అంటే నకిలీది కొంటే క్రిములు చావవు, అడ్డూఅదుపూ లేని అసలుది కొంటే మన కళ్లకే దెబ్బ.

నిన్న మళ్లీ వెతికాను. ఆ స్ట్రిప్ ఇంకో షాపు పేరుతో, అదే ఊదా ఫోటోతో, 999కి ఉంది. ఫోటోలో కత్తెర గుర్తులు స్పష్టంగా కనబడుతున్నాయి, జూమ్ చేసి లెక్కపెట్టుకోండి. నా దగ్గరున్నది పార్లర్ బోర్డుకి అంచు లైటుగా కొట్టేశాను, దానికి బాగానే ఉంది.