అద్దె ఇంట్లో ఒక్క గోడకే కొత్త రంగు కనిపిస్తే జాగ్రత్త

అద్దె ఇల్లు వెతుక్కుంటున్న వారికి ఈ హెచ్చరిక.

మేము చేరిన ఇంట్లో పడకగదిలోని ఒక్క గోడకే కొత్తగా రంగు వేసి ఉంది. శుభ్రంగా ఉందని సంతోషించామే తప్ప, మిగిలిన మూడింటినీ వదిలి దానికే ఎందుకు వేశారని అడగలేదు. రెండో నెలలో ఆ రంగు బుడగలుగా పొంగింది. బొటనవేలితో నొక్కితే లోపలి పూత తడిపిండిలా చేతికంటుకుంది. గోడకు ఆనించిన బీరువాలో పాప పుస్తకాల పుటలు అతుక్కుపోయి, అంచులకు నల్లటి బూజు పట్టింది. అవతలి స్నానాలగదిలో గోడలోపలి గొట్టం కారుతోందని ప్లంబరు తేల్చాడు.

యజమానికి నాలుగుసార్లు ఫోను చేశాను. ప్రతిసారీ చూద్దామన్నారు. చివరికి మేము కిటికీలు మూసి ఉంచడం వల్లనే చెమ్మ పట్టిందని నింద మా మీదికి నెట్టి, 'ఇల్లు ఉన్నది ఉన్నట్టుగా స్వీకరిస్తున్నాము' అని మేము సంతకం చేసిన వాక్యాన్ని చూపించారు. ఖాళీ చేసేటప్పుడు ఆ గోడ పేరు చెప్పే డిపాజిట్‌లో కోత పెట్టారు. ఫోనులో చెప్పిన మాటలకు మా దగ్గర రుజువు లేకపోయింది.

నానిన చోటును ఒకటి రెండు రోజుల్లో ఆరబెట్టకపోతే బూజు మొదలవుతుంది. చెమ్మ, బూజు ఉన్న ఇళ్ళలో ఉబ్బసం, శ్వాసకోశ జబ్బుల ముప్పు ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009 మార్గదర్శకాల్లో చెప్పింది. నివాసయోగ్యమైన ఇల్లు చలి, చెమ్మ, ఎండ, వానల నుంచి మనిషిని కాపాడాలని ఐక్యరాజ్యసమితి ఆర్థిక, సామాజిక, సాంస్కృతిక హక్కుల కమిటీ 1991లోనే వివరించింది. అందువల్ల మరమ్మతు అడగడానికి మొహమాటపడనక్కరలేదు. మళ్ళీ రంగు వేయిస్తామంటే మాత్రం ఒప్పుకోకండి. ముందు కారే గొట్టాన్ని బాగుచేసి, పాడైన పూతను చెక్కి, గోడను పూర్తిగా ఆరనిచ్చాకే కొత్త పూత నిలుస్తుంది.

ఇల్లు చూసేటప్పుడు, వీలైతే వాన వెలిసిన మర్నాడు వెళ్ళి, కుళాయిలన్నీ కాసేపు తిప్పి ఉంచి, సింకు కిందా బీరువాల వెనుకా చేత్తో తడిమి చూడండి. కనిపించిన లోపాలను తేదీలతో ఫోటోలు తీసి, జాబితా రాసి, ఇద్దరి సంతకాలతో ఒప్పందానికి జతచేయండి. 'ఉన్నది ఉన్నట్టుగా' అన్న మాటను కొట్టివేయించి, పైకప్పు, గోడలు, గొట్టాలు, కరెంటు తీగల మరమ్మతు యజమాని బాధ్యత అని రాయించండి. చేరాక ప్రతి ఫిర్యాదునూ రాతపూర్వకంగానే పంపండి. కోపంతో అద్దె ఆపేయకండి. చాలా చోట్ల చట్టం ముందుగా నోటీసు, గడువు వంటి షరతులు పెడుతుంది, వాటిని పాటించకపోతే మిమ్మల్నే ఖాళీ చేయించే అవకాశం యజమానికి దొరుకుతుంది.