కొండపల్లి ఖిల్లా: మహలు చూసి తిరిగి రావద్దు

ఇంటికి చుట్టాలు వస్తే దుర్గగుడి, ప్రకాశం బ్యారేజీ, ఉండవల్లి గుహలు చూపించి సరిపెట్టడం బెజవాడ వాళ్లకు అలవాటు. సుమారు 20 కిలోమీటర్ల దూరంలోని కొండపల్లి ఖిల్లాకు తీసుకువెళ్లినా, బొమ్మలు కొనడానికి వెళ్లినప్పుడు దారిలో ఒక గంట కాలక్షేపంగానే ఆ చూడడం ముగుస్తుంది. ఈ కోటకు ఒక పూట పూర్తిగా కేటాయించాలని, అది కూడా ఒక యుద్ధభూమిని చూస్తున్నామన్న ఎరుకతో చూడాలని నా అభిప్రాయం.

పైకి ఘాట్ రోడ్డు ఉన్నప్పటికీ, మోకాళ్లు సహకరించేవారు ఊరి వైపు నుంచి మెట్లదారిన ఎక్కడమే మేలు. వరుసగా మూడు ద్వారాలు దాటితే తప్ప లోపలికి చేరలేము. వీటిలో దర్గా దర్వాజాకు ఆ పేరు రావడానికి కారణం, ఇక్కడి పోరులో మరణించిన యోధుడిదిగా చెప్పే సమాధి. ద్వారం నీడలో కాసేపు ఆగి కిందికి చూస్తే, ఆయాసపడుతూ ఎక్కి వచ్చిన బాట అంతా పైనున్న కాపలావాడి కంటి ఎదుటే ఉండేదని అర్థమవుతుంది.

మహలు రెండు కొండల నడుమ శిఖరం మీద ఉంది. ఫొటోలు తీసుకునేవారంతా అక్కడే ఆగిపోతారు కానీ, అసలు చూడవలసినవి బురుజులు. గాలి తేటగా ఉన్న రోజున దక్షిణం వైపు థర్మల్ స్టేషన్ పొగగొట్టాలు, వాటికి ఆవల కృష్ణ కనిపిస్తాయి. కొండకూ నదికీ మధ్యనున్న మైదానం మీదుగానే నేటి హైదరాబాదు-మచిలీపట్నం రహదారి సాగుతుంది. తెలంగాణ పీఠభూమి నుంచి తీరానికి దిగే సైన్యాన్ని అడ్డుకోవడానికి ఇంతకంటే అనువైన చోటు ఎక్కడుంటుంది? 14వ శతాబ్దంలో రెడ్డిరాజులు కట్టిన ఈ కోట కోసం గజపతులు, బహమనీలు తలపడ్డారు. బీదరులో గొప్ప మదరసా కట్టించిన బహమనీ మంత్రి మహమూద్ గవాన్‌కు 1481లో సుల్తాను మరణశిక్ష విధించి అమలు చేయించింది ఈ కొండపల్లి విడిదిలోనే. మన పాఠ్యపుస్తకాలలో ఈ సంగతికి ఒక వాక్యమైనా దక్కకపోవడం నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. 1515లో కొండవీటిని గెలిచిన కృష్ణదేవరాయలు ఆ వెంటనే కృష్ణ దాటి దీన్ని ముట్టడించి గజపతుల నుంచి స్వాధీనం చేసుకున్నాడు. తరువాత ఇది గోల్కొండ కుతుబ్‌షాహీలకు, 1687లో ఔరంగజేబుకు, 1766లో ఆంగ్లేయులకు దక్కింది. వారు ఇక్కడ నడిపిన సైనిక శిక్షణాలయం 1859 దాకా కొనసాగింది.

మహలుకు దగ్గరలోని లోతైన కోనేరును, దాని ఆవలి ధాన్యాగారాన్ని తప్పక చూడాలి. కోట ఎంత కాలం ముట్టడిని తట్టుకుంటుందో తేల్చేవి ఈ రెండే కదా. ధాన్యాగారంలో ఇప్పుడు గబ్బిలాలదే రాజ్యం. ఆ వాసనకు ముక్కు మూసుకోక తప్పదు. ఓపిక మిగిలినవారు అవతలి కొసనున్న గోల్కొండ దర్వాజా వరకు నడవవచ్చు. అటు వెళ్లేవారు తక్కువ కనుక, ఒంటరిగా బయలుదేరకపోవడం మంచిది.

లోపాలు లేకపోలేదు. మరమ్మతు చేసిన చోట కొత్త గచ్చు పాత రాతితో కలవక ఎబ్బెట్టుగా కనిపిస్తుంది. ఏ కట్టడం ఎవరి కాలానిదో చెప్పే వివరం చాలడం లేదు కాబట్టి, చరిత్ర కొంత చదువుకుని వెళ్లనివారికి గోడలు తప్ప ఏమీ మిగలవు. గోడల మీద పేర్లు చెక్కిన ప్రేమికుల సంగతి చెప్పి లాభం లేదు.

వానలు వెనుకబట్టాక, సంక్రాంతి లోపు వెళితే కొండ పచ్చగా ఉంటుంది. రోహిణి కార్తెలో ఆ రాళ్ల మీద నిలబడడం శిక్షే. మంచినీళ్లు, టోపీ వెంట ఉండాలి. బొమ్మల కాలనీకి దిగేటప్పుడు వెళ్లండి, ముందే కొంటే తెల్లపొణికి కొయ్యతో చేసిన ఏనుగు అంబారీ బొమ్మను చేత పట్టుకుని కొండెక్కవలసి వస్తుంది. అక్కడ మధ్యాహ్నం భోజనాల వేళ తప్పించి వెళితే, కొయ్యను చెక్కడం, చింతగింజల పిండితో అవయవాలు అతకడం పనివాళ్ల పక్కన కూర్చునే చూడవచ్చు.