ఇంగ్లీషు వ్యాకరణానికి ఏది మేలు: పుస్తకమా, మాట్లాడటమా, తెలుగుతో పోల్చుకోవడమా?

బెంగళూరు మారతహళ్లిలో నా గదికి ప్రతి ఆదివారం మా పిన్ని కూతురు వస్తుంది. ఇంటర్వ్యూలకు సిద్ధమవుతోంది. మొన్న అద్దం ముందు నిలబడి "ఐ యామ్ స్టేయింగ్ ఇన్ బెంగళూరు సిన్స్ టూ యియర్స్" అని, నా ముఖం చూసి, "తప్పా అక్కా?" అంది.

తప్పే. "ఐ హావ్ బీన్ స్టేయింగ్ ఇన్ బెంగళూరు ఫర్ టూ యియర్స్" అనాలి. కానీ "రెండేళ్ల నుంచి ఉంటున్నాను" అనేది తెలుగులో నిక్షేపంలాంటి వాక్యం. దాన్నే మాటకు మాట దించింది పాపం.

ఆమె దగ్గర వ్యాకరణ పుస్తకం ఉంది. సిన్స్ తర్వాత మొదలైన సమయం, ఫర్ తర్వాత గడిచిన కాలం రావాలని అందులో స్పష్టంగా ఉంది. ఖాళీలు పూరించమంటే అన్నీ సరిగ్గా రాస్తుంది, నోరు తెరిస్తే మళ్లీ పాత దారే. తెలుగువాళ్లు అక్కడే ఎందుకు తడబడతారో ఆ పుస్తకం చెప్పదు.

రోజూ మాట్లాడితే అదే వస్తుందంటారు. జంకు పోవడానికి అంతకు మించిన మందు లేదు, నిజం. తప్పులు పోతాయా అంటే మాత్రం నాకు నమ్మకం లేదు. మన 'నుంచి' చేసే పనులే కన్నడంలో 'ఇంద' చేస్తుంది. 'ఎరడు వర్షదింద' (రెండేళ్ల నుంచి) అనే కన్నడ స్నేహితురాలికి మన తప్పు తప్పుగా వినిపించదు. దిద్దేవాళ్లు లేక అది స్థిరపడిపోతుంది.

అందుకే నా ఓటు తెలుగుతో పోల్చుకోవడానికే. 'నుంచి' తీసి 'గా' పెట్టి చూడమన్నాను. 'రెండేళ్లుగా' కుదిరింది, కాబట్టి ఫర్. '2022గా' కుదరలేదు, కాబట్టి సిన్స్. నాలుగు వాక్యాలు తనే కట్టుకుంది, ఒక్కటీ తప్పలేదు.

'ఎ', 'యాన్'ల సంగతీ అంతే. మాటను పలికినట్టే తెలుగులో రాయండి. గంట అనే 'అవర్' అచ్చుతో మొదలైంది, యాన్. 'యూనివర్సిటీ' హల్లుతో మొదలైంది, ఎ. ఎమ్మెల్యేకు యాన్. ఒక్క జాగ్రత్త: మనలో చాలామంది 'ఇయర్' అంటాం. సంవత్సరాన్ని 'యియర్' అని పలికితేనే 'ఎ' ఎందుకో తెలుస్తుంది.

'పూర్తిచేశాను' మరో చిక్కు. ఇంగ్లీషులోని 'ఐ కంప్లీటెడ్', 'ఐ హావ్ కంప్లీటెడ్' అనే రెండు రూపాలకు మనకు ఈ ఒక్కటే ఉంది. '2022లో' అని గడిచిన సమయం పక్కనే చెబితే 'హావ్' వద్దు: 'ఐ కంప్లీటెడ్' చాలు.

ఈ పద్ధతి చేతులెత్తేసే చోటు 'ది'. కొంతవరకు కథలు ఆదుకుంటాయి. "ఒక ఊళ్లో ఒక రాజు. ఆ రాజుకు ఏడుగురు కొడుకులు." ఇక్కడ 'ఒక' అంటే ఎ, 'ఆ' అంటే ది. కానీ సూర్యుడి ముందు మనం 'ఆ' పెట్టం, ఇంగ్లీషులో మాత్రం 'ది సన్' అనాల్సిందే. దీనికి ఇంగ్లీషు దినపత్రికలో అరపేజీ రోజూ పైకి చదవడమే దారి. ఇప్పుడు ఆమె పెన్సిలుతో ప్రతి 'ది' కిందా గీత గీస్తూ చదువుతోంది.