కోరుకొండ సైనిక్ స్కూల్: ఆరులో చేర్చాలా, తొమ్మిదిలోనా?

ముందుగా ఒక మాట: ఇది రాజమండ్రి పక్కన నరసింహస్వామి కొండ ఉన్న కోరుకొండ కాదు. విజయనగరం దగ్గరిది, 1962లో పెట్టింది.

ఆరో తరగతికి మార్చి 31 నాటికి 10–12 ఏళ్లుండాలి. పరీక్ష 300 మార్కులకు, లెక్కలకే 150. తెలుగులోనే రాయొచ్చు, కోనసీమ పల్లెబడి పిల్లలకు అదే పెద్ద దన్ను. తొమ్మిదికైతే 13–15 ఏళ్లు, 400 మార్కులు, అందులో లెక్కలు 200. ప్రశ్నపత్రం ఇంగ్లీషులోనే. సీట్లూ తక్కువే.

తెలుగు మీడియం పిల్లాడైతే తొమ్మిది దాకా ఆగొద్దు. రెండింటిలోనూ నెగెటివ్ మార్కులు లేవు, ఏ ప్రశ్నా వదలనివ్వకండి. మార్కులొచ్చినా వైద్య పరీక్షలో ఆగిపోయేవాళ్లుంటారు. కంటిచూపు, పళ్లు, చెవులు దరఖాస్తుకు ముందే అమలాపురంలోనో భీమవరంలోనో చూపించండి.