ఫెయిర్‌ఫర్డ్ చర్చి కిటికీ, వెయ్యి ముక్కల్లో

ఈ జిగ్‌సా పజిల్ కొనాలా వద్దా అని అడిగేవారికి ముందే చెబుతున్నాను: కొనండి, కానీ రంగుల మీద ఆశ పెట్టుకోకండి.

ఇంగ్లండ్‌లో గ్లోస్టర్‌షైర్ ప్రాంతంలో ఫెయిర్‌ఫర్డ్ అనే చిన్న ఊరుంది. ఉన్ని వ్యాపారంలో బాగా గడించిన జాన్ టేమ్ అక్కడి సెయింట్ మేరీ చర్చిని 15వ శతాబ్దం చివర్లో దాదాపు మొత్తం తిరిగి కట్టించాడు. ఆ కాలపు చర్చిల్లో రంగుటద్దాలు చాలావరకు మతకలహాల పాలైతే, ఇక్కడ మాత్రం 28 కిటికీలూ నిలిచాయి. రెండో ప్రపంచ యుద్ధంలో వాటిని విప్పి భద్రంగా దాచారు. పడమటి గోడకున్న పెద్ద కిటికీలోని అంతిమ తీర్పు ఘట్టమే ఈ పజిల్ బొమ్మ. స్విండన్‌లో ఉంటున్న మా అబ్బాయి పంపితే, బ్రాడీపేటలో మా వరండాలో ప్లైవుడ్ పలక వేసుకుని పేర్చాను.

కింది సగం అద్భుతం. మధ్యలో మిఖాయేలు దేవదూత త్రాసు పట్టుకుని ఆత్మలను తూస్తుంటాడు. కుడివైపు నరకం: ఎర్రటి మంటలు, నీలి దయ్యాలు, మూలన పళ్లు బయటపెట్టిన సాతాను. ఆ ముక్కలు చకచకా కుదిరాయి. పైనున్న స్వర్గం మాత్రం విసిగించింది. ఎటు చూసినా ఒకే తీరు ముఖాలు. తర్వాత చదివితే తెలిసింది, పై సగం అసలుది కాదట. 1703 నాటి పెనుతుఫానుకు దెబ్బతింటే 19వ శతాబ్దంలో కొత్తగా చేసి పెట్టారు. విసుగంతా నాది కాదన్నమాట! పెట్టెలో ఇచ్చిన కాగితంలో ఈ సంగతి ఒక్క ముక్క లేదు.

ఇక రంగులు. ఆ రోజుల్లో తెల్లటి అద్దం వెనుక వెండి లవణం పూసి కొలిమిలో కాల్చేవారు; పూసినచోట పసుపు తేలుతుంది. అందుకే ముఖం తెల్లగా, జుట్టు బంగారంలా, మధ్యలో అద్దం ముక్కలను కలిపే సీసపు పట్టీ లేకుండా ఒకే అద్దంలో వస్తాయి. చర్చిలో నిలబడి చూసినప్పుడు నన్ను కదలనివ్వనిది ఆ పసుపే. అట్టమీద అది మడ్డిగా దిగింది. తోలుబొమ్మను దీపం లేకుండా చూసినట్టుంటుంది. ముక్కల కోత కూడా సీసపు గీతలను పట్టించుకోలేదు. వాటి వెంబడే కోసి ఉంటే ఆ పనివాళ్లు కిటికీని ఎలా కూర్చారో చేతికే తెలిసేది. డ్రాయింగ్ మాస్టారిని కదా, ఇలాంటివి నాకు పట్టింపే.

ఆ కాగితంలో చర్చి లోపలి విశేషాలు ఇవ్వాల్సింది. నడిమి హాలు పైవరుస కిటికీల్లో దక్షిణాన పుణ్యాత్ములను, ఉత్తరాన క్రైస్తవులను హింసించిన దుర్మార్గులను పెట్టారు. ఎండ తగిలే వైపు మంచివాళ్లకు, నీడ చెడ్డవాళ్లకు. గాయకుల కుర్చీల్లో మడత పలకల కింద చెక్కిన బొమ్మలున్నాయి, టేమ్ దంపతుల సమాధి మీద ఇత్తడి ఫలకాలున్నాయి. ఆవరణలో ఒక పిల్లికి రాతి బొమ్మ కూడా ఉంది: టిడిల్స్, 1963 నుంచి 1980 దాకా ఆ చర్చి పిల్లి.

అట్ట మందంగా ఉంది, గుంటూరు ఉక్కకు వంకర పోలేదు. పెట్టెలో మిఖాయేలు త్రాసు పక్కన ఒక ముక్క తక్కువొచ్చింది. కంపెనీకి రాస్తే జవాబు లేదు. అందుకే ఐదుకు మూడున్నర. సీలింగు ఫ్యాను కింద మాత్రం పేర్చకండి.