నైరోబీకి రెండు రోజులు చాలు, మొంబాసాకు నాలుగు ఉంచుకోండి

కెన్యా పోతున్నామంటే మహబూబ్‌నగర్‌లో మా గల్లీవాళ్లంతా సింహాల గురించే అడిగారు. చూశాం. ఐదు నిమిషాలు, పదిహేను జీపుల సందుల్లోంచి. దాని గురించి ఇంతకంటే చెప్పేదేం లేదు.

మా బావమరిది నైరోబీలో ఉంటాడు. "బావా, స్వెట్టర్లు మర్చిపోకు" అని రెండుసార్లు ఫోన్ చేస్తే నవ్వాను. భూమధ్యరేఖ కెన్యా మీదుగా పోతుందని 30 ఏళ్లు బళ్లో సోషల్ చెప్పినవాణ్ని మరి! నైరోబీ దాదాపు 1,800 మీటర్ల ఎత్తున ఉందన్న సంగతి జూలై రాత్రి, గీజర్ పనిచేయని గెస్ట్‌హౌస్ గదిలో వణికినప్పుడు గానీ ఒంటికి ఎక్కలేదు. ఫిర్యాదు చేస్తే బకెట్‌తో వేడినీళ్లు తెచ్చిచ్చారు గానీ అద్దె మాత్రం తగ్గించలేదు.

నిజానికి ఆ దేశం రాత మార్చింది ఆ చలే. ఎండ తక్కువ, దోమలు తక్కువ, నేల సారవంతం. ఇంగ్లీషు దొరలు అక్కడి మంచి భూములు పట్టుకుని 'వైట్ హైలాండ్స్' అని పేరు పెట్టారు. ఆ నేల మీద పుట్టినవాళ్లు అక్కడే కూలీలయ్యారు. 1903లో దగ్గర్లోని లిమూరులో తేయాకు నాటారు. ఇప్పుడు ఏ హోటల్‌కు వెళ్లినా పాలు పోసి మరిగించిన చాయ్, పక్కన చపాతీ. చపాతీ అక్కడికి మన దేశం నుంచే వెళ్లింది.

నైరోబీలో నేను తప్పకుండా చూడమనేది రైల్వే మ్యూజియం. అసలు ఆ ఊరు పుట్టిందే 1899లో, రైలు పట్టాలు వేసేవాళ్ల మకాంగా. 1896 నుంచి 1901 వరకు మొంబాసా నుంచి విక్టోరియా సరస్సు దాకా మీటర్‌గేజ్ లైను వేయడానికి మన దేశం నుంచి సుమారు 32,000 మంది కూలీలను తీసుకెళ్లారు. ఎక్కువమంది పంజాబ్ వైపువాళ్లు. దాదాపు 2,500 మంది ఆ పనిలోనే చనిపోయారు. పాలమూరు లేబర్ అంటే ఏంటో తెలిసిన జిల్లావాణ్ని. ఎక్కడెక్కడి డ్యాములకో మట్టి మోయడానికి పోయినవాళ్ల ఇళ్లు చూస్తూ పెరిగాను. ఆ లెక్క దగ్గర చాలాసేపు నిలబడ్డాను. మా ఆవిడ బయట బెంచీ మీద కూర్చుని విసుక్కుంది.

మొంబాసాకు 2017లో మొదలైన కొత్త రైలెక్కండి. చైనావాళ్లు కట్టిన లైను. బండి శుభ్రంగా ఉంది, సమయానికి నడిచింది. సావో అడవిలో కిటికీలోంచే ఏనుగులు కనపడ్డాయి, జీపు ఖర్చు లేకుండా! కాకపోతే రెండు వైపులా స్టేషన్లు ఊరికి దూరం. ఎక్కేముందు సామాను వరసగా పెట్టించి కుక్కలతో వాసన చూపిస్తారు, గంట ముందే చేరాలి.

మొంబాసా పాతబస్తీలో ఒక ముసలమ్మ ఇంటి మేడ మీద దిగాం. ఏసీ లేదు, ఫ్యానూ దోమతెరా ఉన్నాయి. కొబ్బరిపాల కూరతో అన్నం పెట్టింది. గెస్ట్‌హౌస్ కంటే చవక, పది రెట్లు నయం. పక్కనే పోర్చుగీసువాళ్లు 1593లో మొదలుపెట్టిన ఫోర్ట్ జీసస్. తర్వాత ఒమాన్ అరబ్బులు గెలుచుకున్నారు, ఆ తర్వాత ఇంగ్లీషువాళ్లు జైలు చేశారు. గైడు ఒకటే తొందర పెట్టాడు. గైడు లేకుండా పొద్దున్నే వెళ్లండి.

మా ఆవిడకు తలనొప్పి వస్తే మందుల కోసం బయల్దేరాం. బోర్డు మీద 'దుకా లా దావా' అని ఉంది. "దుకాణం, దవా! ఇదేదో మన దవాఖాన భాషే" అంది. స్వాహిలీలో లెక్క 'హెసాబు', పెన్ను 'కలాము', రేవు 'బందరి'. మనకు జూన్‌లో వానలు తెచ్చే నైరుతి గాలే ఒకప్పుడు అక్కడి తెరచాప పడవలను ఇటు తోసేది. చలికాలంలో గాలి తిరిగితే ఇటువి అటు పోయేవి. దొరలు రాకముందే వందల ఏళ్లుగా సాగిన బేరం అది, మాటలు కూడా దాంతోపాటే తిరిగాయి.

రెండు జాగ్రత్తలు. అక్కడ ప్లాస్టిక్ సంచులు నిషేధం, సకినాలు స్టీలు డబ్బాలో పెట్టుకోండి. ఎల్లో ఫీవర్ టీకా కనీసం 10 రోజుల ముందు వేయించుకుని, ఆ పసుపురంగు కార్డు పాస్‌పోర్టుతోనే ఉంచండి. తిరిగొచ్చాక శంషాబాద్‌లో అడిగారు. మాది సూట్‌కేసు అడుగున ఉంది.